అత్త ఇంటికి ఎర్ర రంగు

గుట్టల కింద ఉన్న ఇళ్లలో వేటికి ప్రమాదముందో చూసి మ్యాపు తయారుచేసే పనికి నన్ను కాంట్రాక్టు మీద తీసుకున్నారు. సూర్యాపేటలో ఒక గది కిరాయికి తీసుకుని రోజూ తుంగతుర్తి బస్సెక్కేదాన్ని. వాలు కొలవాలి, పగుళ్లు చూడాలి, ఫోన్‌లోని మ్యాపులో ప్రతి ఇంటికీ ఒక రంగు పెట్టాలి. ఎర్ర రంగంటే ఆ ఇంట్లో ఎవరూ ఉండకూడదని, పసుపంటే జాగ్రత్తగా ఉండొచ్చని.

మూడో వారం మా మేనత్త వాళ్ల ఊరి వంతు వచ్చింది. అత్తా మామా గొర్రెలు కాస్తారు. ఎవరెవరో రోడ్లకు పోసే మొరం మట్టి కోసం గుట్ట మొదలును తవ్వుకుపోతే, ఆ కోత వాళ్ల వంటింటి గోడ దాకా వచ్చింది. పైకెక్కి చూస్తే నేల పొడవునా పగిలి ఉంది. చెయ్యి పెడితే మోచేయి దాకా దిగింది.

కిందికొచ్చేసరికి అత్త చాయ్ పట్టుకుని నిలబడింది.

"ఏం రంగు పెడ్తవు బిడ్డా?"

"ఎర్రదే అత్తా."

"పెడితే ఏమైతది?"

"ఇల్లు ఖాళీ చెయ్యమంటరు."

"ఎటు పొమ్మంటరు?"

నాకు తెలియక అక్కడి నుంచే మా సారుకు ఫోన్ చేస్తే, "జాగా సంగతి మన చేతిల లేదమ్మా. మనది రంగు పెట్టుడే" అన్నాడు. పసుపు పెడితే ఆమెను ఆ మట్టి కింద వదిలేసినట్టు. ఎరుపు పెడితే రోడ్డు మీద నిలబెట్టినట్టు. ఆమె చూస్తుండగానే ఎరుపు నొక్కాను.

గోడకు నోటీసు అంటించారు. జాగా మాత్రం ఎవరూ చూపించలేదు. మామ నాతో మాట్లాడటం మానేశాడు.

వానకాలంలో ముసురు పట్టింది. మూడో రోజు పొద్దున్నే ఫోన్ చేసి, ఇల్లు వదిలి ఊళ్లోని బడిలోకి వెళ్లమని అత్తను బతిమాలాను.

"మమ్ముల బడిల ఉండనిస్తరు. గొర్లను ఉండనిస్తరా?" అంది.

బస్సు దొరికి నేను చేరేసరికి మధ్యాహ్నమైంది. అప్పటికే చరియ విరిగిపడింది. వంటిల్లు ఉన్నచోట మట్టి దిబ్బ ఉంది. గొర్రెలకు మేత వెయ్యడానికి వాకిట్లోకి వచ్చింది కాబట్టి అత్త బతికింది. కానీ చలికి తట్టుకోలేవని గొర్రెపిల్లలను వంటింట్లో పెట్టిందట. చేతులతోనే మట్టి తోడుతోంది. మామ నన్ను చూసి, నెలల తర్వాత ఒక్క మాట అన్నాడు: "పార పట్టుకో."

సాయంత్రం దాకా తవ్వాం. రెండు పిల్లలు బతికి బయటపడ్డాయి.

అత్తను నా గదికి తీసుకొచ్చాను. రెండు రోజులుంది. "గీడ ఊపిరాడ్తలేదు బిడ్డా, గొర్లు ఏమైనయో" అని వెళ్లిపోయింది. కూలిన వైపు ప్లాస్టిక్ పట్టా కట్టి అదే ఇంట్లో ఉంటున్నారు.

మొన్న మళ్లీ కొలవడానికి వెళ్లాను. గుట్ట మీద ఇంకో పగులు పడింది. మళ్లీ ఎరుపే పెట్టాను.

"ఇంకో రంగు లేదా?" అంది అత్త.

ఈ ఇంటికి లేదన్నాను. ఆమె పట్టా పక్కన కూర్చోబెట్టి నాకు అన్నం పెట్టింది.