బాగున్నానంటే ఒక్క రింగు

ఆ రాత్రి నేను విన్నది చెప్పాలంటే ముందు ఆ సాయంత్రం నేను ఆడిన అబద్ధం చెప్పాలి. దాన్ని దాచిపెట్టి ఇది చెబితే ఇదీ అబద్ధమే అయిపోతుంది. ఇన్నేళ్ళు స్టీరింగ్ పట్టుకుని తిన్న అన్నం మీద ఒట్టు. విన్నది విన్నట్టే చెబుతాను. ఒక్క ముక్క కలపను. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం... నమ్మమని అడిగే హక్కు నాకు ఆ రోజే పోయింది.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులవి. నేను ఆర్టీసీ డ్రైవర్ని. బస్సులు డిపోల్లో ఉన్నాయి, మేము రోడ్డు మీద ఉన్నాం. మా ఇల్లు ఎల్బీనగర్‌లో, రింగురోడ్డుకు కొంచెం లోపల. కింద నేను, నా భార్య సుగుణ. పై వాటాలో శ్రీనివాస్ మాస్టారు, ఆయన భార్య భారతి కిరాయికి ఉండేవారు. ఏలూరు వైపు వాళ్ళు. మాస్టారు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెప్పేవారు.

సమ్మెతో క్లాసులు బంద్ అయ్యాయి. ఆ ఏడాది ర్యాంకులు బాగా వచ్చాయని యాజమాన్యం కొందరు లెక్చరర్లను విదేశీ టూర్‌కు పంపింది. ఏదో దీవి. పేరు నాకు నోరు తిరగదు. అక్కడ టూరిస్టులను సముద్రం అడుగుదాకా తీసుకెళ్ళి చూపించే చిన్న జలాంతర్గామి ఉందట. వెళ్ళేముందు మాస్టారు మా అరుగు మీద కూర్చుని చెప్పారు.

"లోతుకి వెళ్ళేకొద్దీ నీటి బరువు ఎలా పెరుగుతుందో ఇన్నేళ్ళుగా బోర్డు మీద గీస్తున్నానండీ యాదయ్యగారూ. ఒక్కసారి లోపలికి దిగి చూసొస్తా."

"బరువు చూసుడేంది సారూ, చేపల్ని చూసి రాండ్రి" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

అక్కడినుంచి మాట్లాడితే ఖర్చు ఎక్కువ. మా గల్లీలో సెల్లుకు సిగ్నల్ సరిగా అందేది కాదు. అందుకని మనందరం చేసే పనే వాళ్ళూ చేశారు. మా ల్యాండ్‌లైన్‌కు రోజూ సాయంత్రం ఒక మిస్డ్ కాల్. ఒక్క రింగు మోగి ఆగిపోతే, బాగున్నానని. ఎవరూ ఎత్తకూడదు. మొదటి రోజుల్లో రింగు రాగానే సుగుణ మెట్ల దగ్గరికి పోయి పైకి కేకేసేది. "భారతమ్మా, మీ సారు మంచిగున్నడంట." పైనుంచి నవ్వు వినిపించేది.

ఒక సాయంత్రం రింగు రాలేదు. ఎవరం పెద్దగా పట్టించుకోలేదు.

మర్నాడు పొద్దున టీవీలో చెప్పారు. టూరిస్టులతో సముద్రంలోకి దిగిన జలాంతర్గామి ముందురోజునుంచి కనబడటం లేదు. లోపల భారతీయులు కూడా ఉన్నారు. పేర్లు తెలియవు. గాలి ఇంకొక్క రోజుకు సరిపోతుంది... అది చెప్పి, వెంటనే సమ్మె వార్తల్లోకి వెళ్ళిపోయారు.

భారతి మెట్లు దిగి వచ్చింది. చెప్పులు కూడా వేసుకోలేదు.

"కోచింగ్ సెంటర్ ఆఫీసుకి వెళ్ళి ఎక్కినవాళ్ళ పేర్లు కనుక్కొస్తాను అన్నయ్యగారూ. మీరు ఫోను దగ్గరే ఉంటారా? ఆయన ఎక్కకుండా ఒడ్డునే ఉండిపోయి ఉంటే తప్పకుండా రింగిస్తారు."

"నువ్వు పోయిరా అమ్మా. నేను యాడికీ పోను."

సుగుణ అప్పటికే రింగురోడ్డు దగ్గరికి వెళ్ళింది. ఆ రోజు అక్కడ వంటా-వార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే పంక్తి కూర్చుని తినడం. ఆడవాళ్ళు కూరగాయలు తరుగుతున్నారు. నేను కుర్చీ ఫోను పక్కకు లాక్కుని కూర్చున్నాను. చాలాసేపే కూర్చున్నాను. ఆ మాట కూడా చెప్పాలి కదా.

మధ్యాహ్నం మల్లేష్ వచ్చాడు. మా డిపోలోనే కండక్టర్. బండి దిగకుండానే మొదలుపెట్టాడు.

"ఏందే యాదన్నా, ఇంట్ల కూసున్నవ్? పొయ్యి మీద డేగిసా ఉడుకుతున్నది, దించెటోడు లేడు."

"ఫోను కాడ ఉండాలె రా. పైన సారుది జర పరేషాన్ ఉంది."

"గా ఆంధ్ర సారు ఫోనుకు కావలి కాస్తున్నవా? మంచిగుంది. మేమంత రోడ్డు మీద, నువ్వు మిస్డ్ కాల్ డ్యూటీల. ఓటీ రాయించుకో మరి."

వాడు నవ్వాడు. నేనూ నవ్వాను. లేచి తాళం వేశాను.

అంతే. నన్నెవరూ లాక్కెళ్ళలేదు.

డేగిసాలు దించాను. సాంబారు వడ్డించాను. డప్పులు, పాటలు. రెండుమూడుసార్లు ఫోను గుర్తుకొచ్చింది. ఇప్పుడు లేచిపోతే మల్లేష్ ఏమంటాడోనని పోలేదు. తిన్నాక మిగిలిన నీళ్ళు కుమ్మరించి పొయ్యిలు ఆర్పేశాం. పొద్దు వాలాక ఇంటికి వచ్చి, తాళం తీసి, పెరట్లో కాళ్ళు కడుక్కుంటున్నాను. అప్పుడే గేటు చప్పుడైంది.

భారతి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడిచే వచ్చినట్టుంది. ముఖమంతా దుమ్ము.

"పేర్లు ఇంకా రాలేదట. టూర్‌కి వెళ్ళినవాళ్ళ ఇళ్ళనుంచి ఒక్కొక్కరిని ఈ రాత్రి విమానానికి అక్కడికి తీసుకెళ్తున్నారు. పాస్‌పోర్టు ఉంది కదా, నన్నూ రమ్మన్నారు..." ఆగింది. ఊపిరి తీసుకుంది. "రింగు వచ్చిందా అన్నయ్యగారూ?"

ఆలోచించుకునే టైం లేక అనేశానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అది కాదు. టైం ఉంది. తెలియదంటే, ఇంట్లో లేనని ఒప్పుకోవాలి. లేననడానికి నోరు రాలేదు.

"వచ్చిందమ్మా. ఒక్క రింగు. కట్ అయింది."

ఆమె ఉన్నచోటనే కింద కూర్చుండిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తర్వాత మా ఫోనులోంచే ఏలూరుకు, అత్తగారికి చేసింది. "మీ అబ్బాయి బాగున్నారు అత్తయ్యా. దాన్లో ఎక్కలేదు. రింగిచ్చారు." ఆ తర్వాత ఆఫీసుకు చేసింది. తను రానక్కర్లేదని, తన సీటు నిజంగా అవసరమైనవాళ్ళకి ఇవ్వమని చెప్పింది.

నేను తడి కాళ్ళతో గుమ్మంలో నిలబడి ఉన్నాను. అప్పుడైనా చెప్పొచ్చు. విమానం లేవడానికి ఇంకా చాలా గంటలున్నాయి... చెప్పలేదు.

ఆ రాత్రి కరెంటు పోయింది. బొగ్గు గనులూ సమ్మెలోనే ఉన్నాయి కదా, రోజూ పోయేది. సుగుణ లోపలి గదిలో పడుకుంది. నేను ముందుగదిలో, ఫోను బల్ల పక్కన చాప వేసుకున్నాను. నిద్ర లేదు. పంకా లేదు. దోమలు. దూరంగా ఎక్కడో కుక్క మొరిగి ఆగింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. లారీలు లేని రింగురోడ్డు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో నాకు ఆ సమ్మెలోనే తెలిసింది.

ట్రింగ్.

ఒక్కటి. ఆగిపోయింది.

లేచి కూర్చున్నాను. మొదట నాకు భయం వేయలేదు. సంతోషం వేసింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను... నా అబద్ధం నిజమైందని సంతోషం. మాస్టారు బతికే ఉన్నారు, నేను బయటపడ్డాను. పైకి కేకేద్దామని తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేశాను.

ట్రింగ్.

మళ్ళీ ఒక్కటే. చెయ్యి అక్కడే ఆగింది. రెండోది ఎందుకు?

చీకట్లో ఫోను కనబడటం లేదు. అది ఉన్నచోటు మాత్రం తెలుస్తోంది. దానివైపే చూస్తూ నిలబడ్డాను. ఒకటి... రెండు... అని లెక్కపెట్టాలనిపించింది. పెట్టలేదు. మొదటి రింగుకీ రెండోదానికీ ఎంత ఎడముందో, అంతే ఎడం గడిచింది. ఇప్పుడు మోగుతుంది అని నాకు ముందే తెలిసింది.

ట్రింగ్.

ఎత్తాను. ఎత్తకూడదని ఒప్పందం. ఎత్తాను.

డయల్ టోన్ లేదు. ఎవరి గొంతూ లేదు. ఒక మోత... ఖాళీ సంపులోకి తల దూర్చితే వినిపిస్తుందే, అలాంటిది. నీళ్ళ చప్పుడు కాదు. గాలి కాదు. ఉత్త లోతు. చెవి చల్లబడింది. అది నా భ్రమే కావచ్చు.

తర్వాత...

ఠక్.

కొంచెం ఆగి, ఠక్. ఇంకొంచెం ఆగి, ఠక్.

ఇనుము మీద ఇనుము. బస్సు కింద మెకానిక్ పానాతో కొడుతుంటే డ్రైవర్ సీట్లో కూర్చున్నవాడికి కాళ్ళ కిందనుంచి వస్తుంది చూడండి ఆ దెబ్బ. సరిగ్గా అది. తొందర లేదు. కొట్టేవాడికి ఓపిక ఉంది. ఎవరో ఒకరు వింటారని నమ్మకం ఉంది.

"మాస్టారూ" అన్నాను.

చప్పుడు ఆగిపోయింది.

ఆ ఆగడం గురించి నేను మీకు చెప్పలేను. లైను తెగితే ఆగడం వేరు. అవతల మనిషి చెవి ఒగ్గితే ఆగడం వేరు. నేను ఊపిరి బిగబట్టాను. అవతల కూడా...

"మాస్టారూ, మీరేనా?"

ఠక్ ఠక్ ఠక్ ఠక్. ఈసారి ఎడం లేదు.

తలుపు బయట గాజులు కదిలాయి.

"అన్నయ్యగారూ..." భారతి గొంతు. "ఆయన్ని పిలుస్తున్నారు మీరు. మెట్ల మీదకి వినిపించింది. ఫోను వచ్చిందా?"

తలుపు తీసి రిసీవర్ ఆమె చేతికిచ్చాను. వైరు సాగి బల్ల కదిలింది. ఆమె చెవికి ఆనించుకుంది. చీకట్లో ముఖం కనబడలేదు. చాలాసేపు విన్నది.

"డయల్ టోనే వస్తోందండి."

నేను లాక్కుని విన్నాను. డయల్ టోనే.

అంతా చెప్పాను. మూడు రింగులు, ఆ మోత, ఆ దెబ్బలు, నేను పిలిస్తే ఆగడం. ఆమె గబగబా అంది. "అయితే ఏదో చెప్పాలని చూస్తున్నారు. పగలు ఒకటిచ్చారు, ఇప్పుడు మూడిచ్చారు. బయటే ఉన్నారు కదా అన్నయ్యగారూ. పగలు రింగిచ్చిన మనిషి దాంట్లో ఎలా ఉంటారు?"

ఇక మింగలేకపోయాను.

"పగలు రింగు రాలేదమ్మా. వచ్చిందో రాలేదో నాకు తెల్వదు. నేను ఇంట్ల లేను. వంటా-వార్పు కాడికి పోయిన. నీకు అబద్ధం చెప్పిన."

గాజులు కూడా కదలలేదు.

"మరి ఇప్పుడు వచ్చిన రింగు?" అంది చివరికి.

"ఇది నిజమమ్మా. నా చెవులతోని విన్న."

"సాయంత్రం కూడా అలాగే చెప్పారు అన్నయ్యగారూ."

గోడకు ఆనుకుని ఫోను పక్కన కూర్చుంది. తెల్లవారేదాకా కదలలేదు. నేను గుమ్మంలో కూర్చున్నాను. మళ్ళీ మోగలేదు. సుగుణను అడిగితే, నిద్రలో ఏమీ వినలేదంది. ఆ రాత్రికి సాక్షిని నేనొక్కణ్ణే. ఆ సాక్ష్యం పనికిరాకుండా చేసిందీ నేనే.

పొద్దున పేర్లు చెప్పారు. మాస్టారి పేరు ఉంది. నేను నిజం చెప్పేసరికే విమానం వెళ్ళిపోయింది. వెళ్ళినవాళ్ళను పడవలో ఆ చోటికి తీసుకెళ్ళారు. వాళ్ళు నీళ్ళలో పూలు వదులుతుంటే భారతి పై వాటాలో టీవీలో చూసింది.

వెతికే ఓడలకు ఆ రాత్రే నీటి కిందనుంచి ఏవో దెబ్బలు వినిపించాయని ఒక ఛానల్లో చెప్పారు. ఆ మాట విన్నప్పుడు నా చేతిలో టీ గ్లాసు ఉంది. కింద పెట్టడానికి చోటు కనబడలేదు. కొన్నాళ్ళకు జలాంతర్గామి ముక్కలు దొరికాయి. దిగిన కాసేపటికే నీటి బరువుకు నలిగిపోయిందని, ఆ దెబ్బలు ఇంకేవో అయి ఉంటాయని తేల్చారు. అంటే నేను విన్న రాత్రికి అందులో కొట్టే చెయ్యి లేదు.

లైన్‌మన్ వచ్చి ఫోను లైను చూశాడు. మేము పొయ్యిలు పెట్టిన చోటి పక్కనే మా గల్లీ కేబుల్ డబ్బా ఉందట.

"మీరు పోసిన నీళ్ళు జాయింట్లకు దిగినయన్నా. తడిస్తే గట్లనే ఉత్తగ ఒక్కో రింగు కొడ్తది."

"మరి గా దెబ్బలు?"

"గురగుర సౌండ్ అయితే వస్తది. దెబ్బలంటే..." తల గోక్కున్నాడు. "గది నాకు తెల్వదు."

సమ్మె ముగిసింది. బస్సులు కదిలాయి. ఒక రోజు భారతి దిగి వచ్చి గుమ్మం బయటే నిలబడింది.

"మా అత్తయ్య కర్మ చెయ్యనివ్వట్లేదండి. రింగు వచ్చింది కదా, నా కొడుకు ఎక్కడో ఒడ్డున ఉన్నాడు అంటున్నారు. నేను చెబితే ఓదార్చడానికి చెబుతున్నాననుకుంటున్నారు. మీ నోటితో చెబితే వింటారేమో."

సెలవు పెట్టి ఆమెతో ఏలూరు వెళ్ళాను. మాస్టారి తల్లి పెద్దకూతురి ఇంట్లో ఉంటోంది. ముందుగదిలో మంచం మీద కూర్చుని ఉంది. నేనెవరో భారతి చెప్పింది. ఆవిడ ముఖం వెలిగింది.

"నువ్వేనా బాబూ రింగు విన్నది?"

కింద కూర్చున్నాను. "వినలేదమ్మా. గా రోజు నేను ఇంట్ల లేను. ఉన్ననని అబద్ధం చెప్పిన. నీ కోడలు పోవాల్సిన విమానం నా వల్లనే పోయింది."

ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"మరి రాత్రి ఏదో విన్నావట కదా. నా కోడలు చెప్పింది."

ఆవిడ కళ్ళు నా నోటిమీదే ఉన్నాయి. మీవాడే అంటే ఆవిడ ఇంకా ఎదురుచూస్తుంది. ఏమీ లేదంటే ఆశ తెగుతుంది, ఏడుస్తుంది, తేలికపడుతుంది. రెండూ నాకు తెలియని సంగతులే.

"విన్ననమ్మా. అదేందో నాకు తెల్వదు."

"ఇంత దూరం వచ్చి, తెలియదని చెప్పడానికా?"

"అవునమ్మా."

ఆవిడ కిటికీ వైపు తిరిగింది. తర్వాత కోడలిని పిలిచి నెమ్మదిగా అంది. "దర్భలు తెప్పించమ్మా."

నేను వెళ్ళి తెచ్చాను. శరీరం దొరకనివాళ్ళకు దర్భలతో మనిషి ఆకారం కట్టి కర్మ చేస్తారు. పంతులుగారు కాళ్ళు, చేతులు విడదీసి కట్టారు. నడుం దగ్గర ముడి బిగించేటప్పుడు తలవైపు ఎవరైనా పట్టుకోండి అన్నారు. భారతి నావైపు చూసింది.

పట్టుకున్నాను.