చచ్చిన పొలంలో మేవిస్

ఫిబ్రవరి నెలాఖరులో ఒక శనివారం పొద్దున, మేవిస్ టాన్సిల్ వంటింట్లో మెత్తటి బన్నులాంటి మూడో బిస్కెట్‌ను చీల్చి మధ్యలో ఉప్పుమాంసం సర్దుకుంటూ వెండెల్ క్రంప్ అనకూడని మాట అనేశాడు.

"మిస్ మేవిస్, మీ దిగువ పొలం పని అయిపోయిందండీ. ఇంక అందులో ఏమీ లేదు. చచ్చిన పొలం."

వెండెల్ కరెంటు పని చేసి రిటైరైన మనిషి. పెళ్లయినా సరే, అక్కడి మర్యాద ప్రకారం మేవిస్‌ను 'మిస్' అనే పిలుస్తాడు. ముప్పై ఏళ్లుగా ప్రతి చలికాలం, కోతలయ్యాక, మెటల్ డిటెక్టర్ భుజాన వేసుకుని స్నేహితుడు డోర్సీతో కలిసి ఆ పొలానికి వస్తున్నాడు. అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో ఉత్తరాది సైన్యం ఒక చలికాలమంతా ఈ కల్పెపర్ ఊరి చుట్టుపక్కల గుడారాలు వేసుకుని ఉండిపోయింది. వాళ్లు పారేసినవీ పారేసుకున్నవీ వర్జీనియా మట్టిలో ఇంకా ఉన్నాయి. తూటాలు, కోటు బొత్తాలు, గుర్రపు జీను కొక్కేలు ఏరుకోవడమే వీళ్ల సరదా. మేవిస్ వాళ్లను ఏనాడూ కాదనలేదు, తిండి పెట్టకుండా పంపనూ లేదు.

"చచ్చిందా? నలభై ఏళ్లుగా నాకు మొక్కజొన్న పండించి పెడుతున్న పొలం చచ్చిందా?"

"పంట సంగతి కాదండీ. మీ మట్టి సంగతి. ఆ ఎర్రమట్టి ఉంది చూశారూ, అందులో సగం ఇనుమే. నాలుగంగుళాలు దాటితే ఏ మిషనుకూ కళ్లు కనపడవు. పిచ్చెక్కినట్టు అరుస్తుంది."

"అరిచేది నీ మిషను, చచ్చింది నా పొలమా?"

డోర్సీకి కాఫీ పొలమారింది. కిటికీ దగ్గర నిలబడ్డ మేవిస్ భర్త హోబర్ట్ వెనక్కి తిరగకుండానే "వద్దు మేవిస్" అన్నాడు. అప్పటికి ఆమె ఇంకా ఏమీ చేస్తాననలేదు. కానీ గిన్నెల చప్పుడు ఆగిపోయిందంటే ఏదో తలపెట్టిందని అతనికి తెలుసు.

మేవిస్‌కు అరవై నాలుగేళ్లు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. చర్చి పాటల్లో ఆమె పక్కన నిలబడడానికి జనం జంకుతారు. ముప్పై ఏళ్లుగా తన పొలంలో ఇంకొకళ్లు తవ్వుతుంటే బిస్కెట్లు కాల్చి పెట్టిందే తప్ప, ఆ తవ్వేది తానెందుకు కాకూడదన్న ఆలోచన అంతవరకూ రాలేదు. అది వచ్చేసరికి పట్టరాని నవ్వు కూడా వచ్చింది. ఆదివారం ప్రార్థన మధ్యలో ఒంటరిగా నవ్వినందుకు హోబర్ట్ మోచేత్తో పొడిచాడు.

సోమవారం పొద్దున్నే ఆమె దూడలకు నీళ్లు పెట్టే రేకు తొట్టెను దిగువ పొలానికి ఈడ్చుకెళ్లి, దాన్నిండా ఎర్రమట్టి నింపింది. హోబర్ట్ దాన్ని పికప్ బండిలోకి ఎక్కిస్తూ నడుం పట్టుకున్నాడు.

"డిటెక్టర్ కొనడానికి మట్టెందుకే?"

"బూట్లు కొనడానికి పాదాలు తీసుకెళ్లవా?"

రోస్కో టేట్ దుకాణంలో ముందు గదిలో చేపల ఎరలు, వెనక గదిలో డిటెక్టర్లు. రోస్కో ఎవరొచ్చినా దుకాణం వెనక ఇసుక పోసిన పెరట్లోకి తీసుకెళ్లి, ఇసుకలో నాణెం పూడ్చి, మిషను చేత చెప్పించి, అమ్మేస్తాడు. ఆ ఇసుకలో ఏ మిషనైనా మంచి మిషనే. మేవిస్ ఆ పెరటివైపు చూడను కూడా చూడలేదు. మట్టితొట్టెను గది మధ్యలో పెట్టించింది. పొలంలో ఎప్పుడో దొరికిన సీసపు తూటా ఒకటి జేబులోంచి తీసి, తొట్టె అడుక్కి చెయ్యి దింపి పాతిపెట్టింది.

"ఇప్పుడు చూపించు నాయనా, నీ మిషన్లు."

రోస్కో కొత్తది, ఖరీదైనది, రంగుల తెరది తీశాడు. దాని కర్ర చివరనుండే పళ్లేన్ని తొట్టె మీదికి తెచ్చాడో లేదో, అది తోక తొక్కిన పందిపిల్లలా కీచుమంది. తూటా ఉన్నచోటా అదే కూత, లేనిచోటా అదే కూత.

"ఇది మట్టిని చూసే ఏడుస్తోంది" అంది మేవిస్. "దీన్ని ఇంటికి తీసుకెళితే ఎవరు ఊరుకోబెడతారు?"

రెండోదాన్ని రోస్కో చాలాసేపు సవరించాడు. మిషను గ్రహింపుశక్తి తగ్గించాడు, ఏవో మీటలు నొక్కాడు. అది అరవడం మానేసి బుద్ధిగా తెర మీద ఒక అంకె చూపించింది.

"చూశారా, పట్టేసింది!"

"ఏమని పట్టింది?"

రోస్కో గొంతు తగ్గింది. "మేకు అంటోందండీ."

"నేను పెట్టింది తూటా."

"అదేనండీ ఈ మట్టితో చిక్కు. కాస్త లోతుకు పోతే సీసం కూడా ఇనుములా వినపడుతుంది. మేకులు మనకొద్దు కదా అని అందరూ వదిలేసి ముందుకెళ్లిపోతారు."

మేవిస్ ఆ మాట దగ్గర ఆగిపోయింది. ముప్పై ఏళ్లుగా వెండెల్ ఎన్ని మేకులను వదిలేసి వెళ్లాడో! ఆమెకు ఒంట్లో చక్కిలిగింతలు పెట్టినట్టయింది.

"వేరేది లేదా?"

ఉంది. అటక మీద, దుమ్ములో. ఎవరో వాడి వదిలేసింది. తెర లేదు, అంకెలు లేవు, తిప్పే మరలు మూడు, ఒక బరువైన బ్యాటరీ పెట్టె. రోస్కో సిగ్గుపడుతూ దించాడు. "ఇది వేరే రకమండీ. మట్టిలోకి దెబ్బలు దెబ్బలుగా కరెంటు పంపి, తిరిగొచ్చే చప్పుడు వింటుంది. మట్టిని పట్టించుకోదు. కానీ ఏ లోహమో చెప్పదు. ఏదో ఉందని మాత్రం చెబుతుంది. దీంతో వెళ్లినవాళ్లు మేకులు తవ్వి తవ్వి విసిగిపోయి తెచ్చి ఇచ్చేస్తారు."

పళ్లెం తొట్టె మీదికి వచ్చింది. నిశ్శబ్దం. ఇంకా జరిగింది. నిశ్శబ్దం. తూటా పైకి రాగానే, దూరంగా ఎవరో పిలిచినట్టు మెత్తగా, గుండ్రంగా ఒక కూత.

"ఇదే" అంది మేవిస్. "ఏముందో చెప్పేస్తే ఇక తవ్వడానికి సరదా ఏముంటుంది? నేను ఎలాగూ చూస్తా కదా!"

ఇంటికి తెచ్చాక మూడు రోజులు అది ఆమెను ఏడిపించింది. దిగువ పొలంలో ఎక్కడ పెట్టినా టిక్, టిక్, టిక్. మేవిస్ ఆనందానికి హద్దు లేదు, పొలం నిండా సైన్యమే ఉందనుకుంది. తొమ్మిది గుంతలు తవ్వింది, తొమ్మిదింటిలోనూ వానపాములే. చివరికి ఒళ్లు మండి మిషనును ఆకాశం వైపు ఎత్తింది. అక్కడా టిక్, టిక్.

"హోబర్ట్! పైన కూడా తూటాలున్నాయి!"

హోబర్ట్ ట్రాక్టర్ దిగి వచ్చి, హెడ్‌ఫోన్లు ఒక చెవికి ఆనించుకుని, కొంచెంసేపు లెక్కపెట్టాడు. "అది నా కరెంటు కంచె. క్షణానికో దెబ్బ. నీ మిషను దాన్నే వింటోంది."

"అయితే కంచె ఆపెయ్యి."

"పదమూడు పెయ్యలున్నాయి అవతల."

"ఆపావని వాటికి ఎవరు చెబుతారు?"

హోబర్ట్ ఆలోచించాడు. అందులో తప్పేమీ కనపడలేదు. శనివారం రెండు గంటలు ఆపుతానన్నాడు.

శనివారం కంచె ఆగింది, టిక్కులూ ఆగాయి. అప్పుడు మేవిస్ మిషనును నిజంగా శ్రుతి చెయ్యడం మొదలుపెట్టింది. లోహం ఏమీ లేని చోటు వెతుక్కుని, పళ్లేన్ని నేలకు ఆనించి పైకి ఎత్తి, మళ్లీ దించి, మళ్లీ ఎత్తి, వెన్న చిలికినట్టు చేస్తూ, నేల మోత పెరగకుండా తగ్గకుండా సమంగా నిలిచేదాకా మర తిప్పింది. తర్వాత గ్రహింపు మర పట్టుకుంది. ఎక్కువ పెడితే ఎక్కువ దొరుకుతుందనుకుంది మొదట. కాదు. మోతను తగ్గిస్తూ తగ్గిస్తూ, దారమంత సన్నగా చెవిలో మిగిలేలా పెట్టుకుంటే, ఆ దారం ఎక్కడ వణికినా తెలుస్తోంది. అడుగు తీసి అడుగు వేస్తూ, నత్తలా నడిచింది.

మొదటి గంటలో ఇరవై రెండు మేకులు, ఒక తలుపు బందు, నాగలి ముక్క. ప్రతి మేకుకూ ఆమె "అమ్మ దొంగా!" అంటూనే ఉంది. ఇరవై మూడో గుంతలో, జానెడు లోతున, తెల్లగా బూజుపట్టినట్టున్న తూటా, అడుగువైపు చుట్టూ మూడు గాట్లు. మేవిస్ వేసిన కేకకు పై పొలంలో ఉన్న వెండెల్, డోర్సీ పరుగెత్తుకొచ్చారు.

"ఏమైంది మిస్ మేవిస్? పామా?"

"జానెడు లోతు! నీ చచ్చిన పొలంలో!"

వెండెల్ ఆ తూటాను, గుంతను, ఆ అటక మీది మిషనును మార్చి మార్చి చూశాడు. మేవిస్ అప్పటికే నాలుగడుగులు ముందుకెళ్లి నిలబడిపోయింది. దారం వణకడం కాదు, మొత్తం మద్దెలలా మోగుతోంది. పళ్లెం పక్కకు తీస్తే పోతోంది, మళ్లీ తెస్తే మళ్లీ మోగుతోంది. ఏ దిక్కునుంచి వచ్చినా అదే చోట.

"వెండెల్, ఇలా రా. నీ తెర ఏమంటుందో చూడు."

వెండెల్ తన మిషనును ఆ చోటు మీద ఊపాడు. కరకరమని చప్పుడు, చిన్న అంకె. "ఇనుమండీ. పాత పొయ్యి ముక్కై ఉంటుంది. ఇక్కడ నేనే పదిసార్లు దాటి వెళ్లాను. వదిలేయండి."

"పదిసార్లు దాటావా?" మేవిస్ మోకాళ్ల మీద కూర్చుంది. "ఇంకోసారి దాటు, నాకు వెలుతురు అడ్డం."

జానెడు, ఏమీ లేదు. మట్టి తీసి మిషను పెట్టి చూసింది, మోత ఇంకా పెరిగింది. మోచెయ్యి మునిగేదాకా పోయింది. చెయ్యి లోపల పెట్టి కెలికితే ఏదో గుండ్రంగా తగిలింది. తీసింది. తూటా. ఇంకొకటి. గుప్పెడు. "అమ్మో, అమ్మో, అమ్మో" అనడం తప్ప ఆమె నోట ఇంకో మాట లేదు.

సరిగ్గా అప్పుడే పై గట్టు మీంచి హోబర్ట్ గొంతు వినిపించింది. "మేవిస్! వాటికి ఎవరో చెప్పేశారు!"

పదమూడు పెయ్యలు. ఆగిన కంచెను ఒకటి మూతితో తోసి చూసింది కాబోలు, దాని వెనక అన్నీ దూకాయి. తోకలు పైకెత్తి, వసంతం వచ్చిందన్నట్టు గంతులేసుకుంటూ దిగువ పొలంలోకి దిగాయి. వెండెల్ డిటెక్టర్‌ను రెండు చేతులా అడ్డంగా పట్టుకుని నిలబడ్డాడు. ఒక పెయ్య వచ్చి అతని హెడ్‌ఫోన్ల తీగ నమలబోయింది. డోర్సీ ఒకదాని వెంట పడితే అది తిరిగి అతని వెంటపడింది. హోబర్ట్ దాణా బకెట్ కొడుతూ అరుస్తున్నాడు. "మేవిస్, లే! తొక్కేస్తాయే!"

"నేను లేవను! తొక్కితే తొక్కనీ! ఇక్కడ చేతికి తగులుతూనే ఉన్నాయి!"

పెయ్యలు ఆమెకు అటూ ఇటూ చీలి పరుగెత్తాయి. ఆమె బురదలో బోర్లా పడుకుని, భుజం దాకా గుంతలో చెయ్యి పెట్టి, నవ్వుతూ, లెక్కపెడుతోంది. ముప్పై ఒకటి, ముప్పై రెండు. యాభై ఏడు దగ్గర చేతికి తూటా కానిది తగిలింది. అరచేతి వెడల్పున గుండ్రంగా, బల్లపరుపుగా ఉంది. మట్టి ముద్దలా పైకొచ్చింది. బొటనవేలితో తుడిచింది. ఆకుపచ్చని ఇత్తడి. అందులోంచి రెక్కలు విప్పిన గద్ద ఒకటి ఆమె ముఖంలోకి చూస్తోంది.

సైనికుడి తూటాల సంచి పట్టీ మీద గుండెల దగ్గర పెట్టుకునే బిళ్ల అది. ముప్పై ఏళ్లలో వెండెల్‌కు అలాంటిది ఒక్కటీ దొరకలేదు. మూరెడు లోతున ఎవరిదో సంచికి సంచే పడి ఉంది.

మేవిస్ లేచి నిలబడింది. అందిన పెయ్య మెడ పట్టుకుని గట్టిగా ముద్దు పెట్టుకుంది. తర్వాత హోబర్ట్‌ను. తర్వాత, అతను తేరుకునేలోపే, వెండెల్‌ను కూడా. వెండెల్ చెంప మీద ఎర్రమట్టి అచ్చు పడింది. అతను బిళ్లను రెండు చేతుల్లో పట్టుకుని, అంచున మిగిలిన మట్టిని గోరుతో గీకాడు.

"మిస్ మేవిస్" అన్నాడు చివరికి, "ఇది పొయ్యి ముక్క కాదండీ."

డోర్సీ నవ్వుతూ బురదలో కూలబడ్డాడు. ఆ నవ్వు వెండెల్‌కు అంటుకుంది, హోబర్ట్‌కు అంటుకుంది. హోబర్ట్ నవ్వడం పెయ్యలు కూడా ఎన్నడూ చూసి ఉండవు, మేతలు మాని నిలబడి చూశాయి.

వాటిని తోలుకెళ్లడానికి మధ్యాహ్నం దాటింది. గుంతలన్నీ పూడ్చింది వెండెలే, అడక్కుండానే. మేవిస్ తలా ఒక తూటా ఇచ్చింది. బిళ్లను ఆదివారం పాత మేజోడులో చుట్టి చర్చికి తీసుకెళ్లి, పాటకూ పాటకూ మధ్య ఆరు వరుసల వాళ్లకు చూపించింది. పాస్టరు గారు ప్రసంగం ఆపి, ఇక్కడికీ ఒకసారి పంపమని చెయ్యి చాచారు.

సోమవారం మంచు కరగకముందే ఆమె మళ్లీ దిగువ పొలంలో ఉంది. గంట తిరిగితే దారం వణికింది. మోచేతి లోతు తవ్వితే ట్రాక్టర్ బోల్టు ఒకటి వచ్చింది, తుప్పుపట్టి, వంకరగా. మేవిస్ దాన్ని ఎండలోకి ఎత్తి పట్టుకుని, కంచె ఆపి గట్టు మీద పెయ్యలకు కాపలా నిలబడ్డ హోబర్ట్‌కు వినపడేలా అరిచింది.

"బోల్టు! ఎంత బాగుందో చూడు!"