జేజి వెతికిన బడి

మా మనవడి భార్య వారం రోజులుగా మార్కాపురంలోని చిన్నపిల్లల బడులన్నీ చుట్టబెడుతోంది. మూడేళ్ళు నిండిన మా మునిమనవరాలిని ఈ జూన్‌లో ఎక్కడ చేర్చాలన్నదే ఇప్పుడు మా ఇంట్లో పెద్ద చర్చ. ఒక బడిలో ఆడుకోవడానికి ఇసుకగుంట ఉందట గానీ వ్యాను మా వీధికి రాదట. ఇంకొక బడిలో నాట్యం నేర్పుతారట గానీ మధ్యాహ్నం కునుకు తీయనివ్వరట. మూడో దాంట్లో అన్నీ ఉన్నాయట, సీటు మాత్రం లేదట. నిన్న సాయంత్రం ఆ పిల్ల ఎండలో తిరిగొచ్చి, ఫ్యాను కింద కూలబడి, బడులవాళ్ళు ఇచ్చిన రంగురంగుల కాగితాలు ఒళ్ళో పరుచుకుని, "అవ్వా, నీ చిన్నప్పుడు నిన్ను ఏ స్కూల్లో ఏసినారు? సీటు కోసం మీవాళ్ళు గూడా ఇట్లనే తిరిగినారా?" అని అడిగింది. "తిరిగినారమ్మా, ఎద్దులబండి మీద" అన్నాను. హాస్యమాడుతున్నాననుకుని నవ్వింది. నేనన్నది నిజమే. మా కోసం బడి వెతికింది మా నాయన తల్లి, మా జేజి. ఆమెకు అక్షరం ముక్క రాదు.

మదరాసు నుంచి దొరల పాలన సాగుతున్న రోజులవి. మా వైపంతా అప్పట్లో కర్నూలు జిల్లా. ఎక్కడో యుద్ధం జరుగుతోందనీ, అందుకే కిరసనాయిలు దొరకడం లేదనీ పెద్దవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. మా ఊరి నుంచి మార్కాపురానికి బండి మీద ఒక పూట ప్రయాణం. వానొస్తే పంట, రాకుంటే మబ్బుల వంక చూపులు. పొలంలో పని లేనప్పుడు మా నాయన బండి కట్టుకుని గనుల దగ్గర పలకలు ఎత్తుకుని రైలు స్టేషనుకు తోలేవాడు. ఆ పలకలు ఎక్కడెక్కడి పిల్లల చేతుల్లోకో పోయేవి. అమ్మ పొద్దున్నే ఆముదపు చేలోకి వెళితే మళ్ళీ దీపాల వేళకే రావడం. ఇక ఇంట్లో మిగిలేది జేజి, అయిదేళ్ళ నేను, మూడేళ్ళ మా తమ్ముడు. జేజి పొడుగు మనిషి. ఆకూ వక్కా నములుతూ నడుస్తుంటే వీధి కొంచెం ఇరుకైనట్టు కనిపించేది. రెండు చేల అవతల ఉన్న మనిషిని కూడా కేకేసి నిలబెట్టగలదు. అలాంటి జేజికి మేమిద్దరం మాత్రం లొంగలేదు.

ఒకరోజు పొదిగే కోడిని లేపి, దాని గంపలో మా తమ్ముణ్ణి కూర్చోబెట్టాను. పాపం, కోడికి కాళ్ళు నొప్పి పెడుతున్నాయేమోనని నా ఉద్దేశం. వాడు మహా శ్రద్ధగా కూర్చున్నాడు. జేజి వచ్చేసరికి గంపలోంచి పసుపుపచ్చని ధార కారుతోంది. కోడి చూరెక్కి ఊరంతా వినబడేట్టు మొత్తుకుంటోంది. జేజి మమ్మల్ని కొట్టలేదు. గడప మీద చతికిలబడి, "ఇట్ల గాదు. ఈళ్ళను యాడన్నా బళ్ళో ఎయ్యాల. ల్యాకుంటే నేనన్నా ఉండాల, ఈళ్ళన్నా ఉండాల" అంది. మా చదువుకు ముహూర్తం అలా కుదిరింది.

మొదట మా ఊళ్ళోనే అరుగు మీద బడి నడిపే అయ్యవారి దగ్గర దిగబెట్టింది. ఆయన మంచివాడు, మెత్తనివాడు. ఇసుక పరిచి నా వేలు పట్టుకుని మొదటి అక్షరం దిద్దించాడు. ఆ లోపల మా తమ్ముడు తన ముందున్న ఇసుకలో కొంత తిని, మిగిలిన దాని మీద ఉచ్చ పోసి, చివరికి ఆయన మడత పెట్టి పక్కన ఉంచుకున్న ఉత్తరీయం మీద హాయిగా నిద్రపోయాడు. లేచేసరికి ఉత్తరీయం కూడా తడిసింది. మధ్యాహ్నానికి అయ్యవారే మమ్మల్ని వెంటబెట్టుకుని ఇంటికొచ్చాడు. "అమ్మా, నాకు పాఠం చెప్పేది వచ్చు గానీ ముడ్లు కడిగేది రాదు" అని దణ్ణం పెట్టాడు. జేజి ఆయనకు మజ్జిగ ఇచ్చి పంపింది. ఆయన మీద కోపం ఎందుకూ అనేది. ఆ పని చెయ్యలేకే కదా తనూ బడి వెతుకుతున్నది!

తరువాత పెద్దూళ్ళో బోర్డు బడి. నాయన పలకల కోసం వెళ్ళే దారే అది. జేజి మమ్మల్నిద్దర్నీ బండిలో వేసుకుని తనూ ఎక్కింది. కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమచెవిని అందుకుంటేనే ఆ బళ్ళో చేర్చుకుంటారని ఎవరో చెప్పారు. దారి పొడవునా జేజి నా చేతిని సాగదీస్తూ, "మెడ కొంచెం వంచు, ఎవురికీ కానరాకుండ వంచు" అని నేర్పుతూనే ఉంది. తీరా హెడ్మాస్టరు ఎదురుగా నిలబడి, "మెడ తిన్నగా పెట్టమ్మా" అన్నాడు. చెవి అందలేదు. మా తమ్ముడు మాత్రం గడ్డం కిందనుంచి చెయ్యి పోనిచ్చి చెవి పట్టుకుని, "నాకు అందింది" అని గంతులేశాడు. "చెవి అందకుంటే అచ్చరం అందదా సారూ?" అని జేజి నిలదీసింది. ఆయన నవ్వి, "వచ్చే ఏడు తీసుకురామ్మా, తప్పకుండ చేర్చుకుంటా" అన్నాడు. వచ్చే ఏటి దాకా తన ఇంట్లో కోళ్ళు బతకవని జేజి దిగులు. అది ఆయనకెలా తెలుస్తుంది?

తిరిగొచ్చేటప్పుడు పాలెం దగ్గర ఎద్దులకు నీళ్ళు పెట్టడానికి నాయన బండి ఆపాడు. పాలెం అంటే మా ఊరికి కొంచెం ఎడంగా ఉండే కిరస్తానీల ఇళ్ళు. వాళ్ళు మా చేలల్లో కూలికి వచ్చేవాళ్ళు. అంతకుమించి రాకపోకలు లేవు. మేము అటు పోకూడదు, వాళ్ళు మా గడప తొక్కకూడదు. ప్రార్థన చేసుకునే పెద్ద పాకలోంచి పిల్లల పాట వినబడింది. కాకి వచ్చి ఒక గింజ తిన్నదని, రెండో కాకి వచ్చి రెండు తిన్నదని, అలా సాగే లెక్కల పాట. కంచె సందుల్లోంచి చూశాం. పాక దూలాలకు పాత చీరల ఉయ్యాలలు వేలాడుతున్నాయి. వాటిలో పసిపిల్లలు. కింద చాప మీద మా అంతవాళ్ళు చింతగింజలు పేర్చుకుంటున్నారు. మధ్యలో తెల్లచీరలో టీచరమ్మ, ఒక చేత్తో ఉయ్యాల ఊపుతూ, ఇంకో చేత్తో ఎవరికో ముక్కు తుడుస్తూ, నోటితో పాట పాడుతోంది. తల్లులు కూలికి పోతే పొద్దుగూకే దాకా పిల్లలంతా ఆమె దగ్గరే. మేము చూస్తుండగానే మా తమ్ముడు బండి దిగి, కంచె సందులో దూరి, తిన్నగా వెళ్ళి చాప మీద కూర్చుని చింతగింజలు లాక్కున్నాడు. నాయన గాభరాగా "రారా!" అని పిలిచాడు. వాడు తల కూడా తిప్పలేదు. జేజి కంచె బయట నిలబడి చాలాసేపు చూసింది. వాడు అంతసేపు ఒకచోట కుదురుగా కూర్చోవడం పుట్టాక అదే మొదలు.

మర్నాడు జేజి నన్నొక్కదాన్నే చేత పట్టుకుని అదే కంచె దగ్గరికి వెళ్ళింది. లోపలికి అడుగు పెట్టలేదు. టీచరమ్మే బయటికొచ్చింది. జేజి అడిగింది విని ఆమె వెంటనే సంతోషపడలేదు. "పంపీండి పెద్దమ్మా. అయితే రేపు ఊళ్ళో ఎవురన్నా అడిగితే మాట మా పాలెం మీదికి రాకూడదు. మావాళ్ళు కూలి చేసుకుని బతికేవాళ్ళు" అంది. "పిల్లోళ్ళు నావాళ్ళు. మాటొస్తే నా మీదికే వస్తాది" అంది జేజి. కాసేపు ఆకు నమిలి, "మా పిల్లోళ్ళు కూచునేదానికి ఇంటికాడ నుంచి ఒక చాప పంపిస్తా" అని కూడా అంది. టీచరమ్మకు అర్థమైంది. ఆమె గొంతు పెంచలేదు. "పంపీండి పెద్దమ్మా. కొంచెం పెద్దది పంపితే పిల్లోళ్ళందరూ కూచుంటారు. ఏరే చాప మాత్రం నేను ఎయ్యను" అంది. జేజి వెనక్కి తిరిగింది. ఇక ఈ బడి కూడా పోయిందనుకున్నాను. జేజి మాత్రం ఇంటికొచ్చి అటక మీద నుంచి మా ఇంట్లోకెల్లా పెద్ద చాప దింపించి, దులిపి, నాయన చేత పాలేనికి మోయించింది.

అసలు గొడవ అప్పుడు మొదలైంది. మా నాయనకు వరసకు అన్న, నాకు పెదనాయన, ఊళ్ళో తగువులు తీర్చే మనిషి. బొద్దు మీసం, చేతిలో పొన్నుకర్ర. ఆయన మా వాకిట్లోకి వచ్చి, "ఏంది చిన్నమ్మా ఇది? మన పిల్లోళ్ళను పాలెంలో కూచోబెడతావా? ఊరు ఏమనుకుంటాది?" అని గద్దించాడు. నాయన తల వంచుకున్నాడు. జేజి చేటలో జొన్నలు చెరుగుతూనే, "అనుకునేవాళ్ళను పొద్దన్నే రమ్మను నాయనా, పిల్లోళ్ళను అప్పజెప్తా. పొద్దుగూకే దాకా సాకితే నేను పాలెం మొకం చూడను" అంది. పెదనాయన మీసం మీద చెయ్యి వేసి, "ఎవురో ఎందుకు? నా దగ్గరికే పంపు" అన్నాడు. అన్నంత పనీ జేజి మర్నాడు పొద్దున్నే చేసింది.

పెదనాయన మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని నీతులు చెబుదామనుకున్నాడు. మా తమ్ముడికి అప్పుడే కొత్తగా 'ఎందుకు' అనే మాట పట్టుబడింది. నీకు మీసం ఎందుకు అని అడిగాడు. మొగోనికి అందమురా అన్నాడు పెదనాయన. మరి ఎద్దుకు ఎందుకు లేదు? ఎద్దుకు కొమ్ములున్నాయి గదరా. నీకు కొమ్ములు ఎందుకు లేవు? ఊరి తగువులన్నీ తీర్చిన పెద్దమనిషి ఆ ప్రశ్న దగ్గర ఆగిపోయాడు. ఎండ ఎక్కేకొద్దీ ప్రశ్నలూ ఎక్కాయి. ఆయన చుట్ట వెలిగిస్తే పొగ పైకెందుకు పోతోందన్నాడు. కళ్ళు మూసుకుంటే ఎందుకు మూసుకున్నావని రెప్పలు ఎత్తి చూశాడు. నేను నా వంతుగా దూడల తాళ్ళు విప్పాను. మధ్యాహ్నం దాటకముందే పెదనాయన వాణ్ణి భుజానికెత్తుకుని, నన్ను రెక్క పట్టుకుని, తలపాగా జారిపోతున్నా సర్దుకోకుండా నడుస్తుంటే ఊరంతా అరుగుల మీదికొచ్చి చూసింది. ఇంటికి కాదు, నేరుగా పాలేనికి. కంచె దగ్గర నిలబడి, "టీచరమ్మా! మడిసికి కొమ్ములు ఎందుకు లేవో నువ్వే చెప్పు తల్లీ" అని మమ్మల్ని లోపలికి దించాడు. ఆమె మా తమ్ముడి ముందు కూర్చుని, "నీకుంటే ఏం చేస్తావు? నువ్వే చెప్పు" అంది. వాడు ఆలోచనలో పడ్డాడు. పెదనాయన ఊపిరి పీల్చుకున్నాడు. సాయంత్రం జేజితో, "పాలెమని గాదు చిన్నమ్మా, బడి అని పంపినా" అన్నాడు. ఆ మాట ఊరికి సరిపోయింది. ఆముదాలు కోయడం అయ్యేలోపల ఆయన మనవరాలు కూడా మా చాప మీదికే చేరింది.

కానీ జేజి అంత తేలిగ్గా మారిందనుకుంటే పొరపాటు. రోజూ సాయంత్రం మమ్మల్ని పెరట్లో నిలబెట్టి, కట్టుబట్టలతోనే నెత్తిన కడవెడు నీళ్ళు పోసి గానీ ఇంట్లోకి రానిచ్చేది కాదు. బడి అంటే చివర్లో స్నానం ఉంటుందని నేననుకునేదాన్ని. ఎండలు ముదిరి బావి అడుగంటింది. కడవ చెంబైంది. చెంబు చిలకరింపైంది. ఒకనాడు తాగేందుకే నీళ్ళు చాలక జేజి మా వంక చూసి, "పోండి లోపలికి" అంది. తరువాత వానలొచ్చాయి, బావి నిండింది. ఆ నీళ్ళు పోయడం మాత్రం మళ్ళీ మొదలుకాలేదు.

వేరుశెనగ పీకే రోజుల్లో టీచరమ్మకు చలిజ్వరం వచ్చింది. పొద్దున్నే పాలెం తల్లులు పిల్లల్ని చంకనేసుకుని పాక ముందు దిగులుగా నిలబడ్డారు. ఆ పూట కూలికి పోకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. మమ్మల్ని దిగబెట్టడానికి వచ్చిన జేజి ఎప్పటిలాగే కంచె బయట ఆగింది. పాకలో ఒక మూల కంబళి కప్పుకుని వణుకుతున్న టీచరమ్మను చూసింది, తల్లుల్ని చూసింది. "ఎంతసేపు నిలబడతారు? పోండి పనికి. నేనుండా గదా" అని, చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపి, కంచె దాటి, పాకలోకి వచ్చేసింది. ఒక చిన్న తల్లి తన బిడ్డను ఇవ్వడానికి వెనకాడింది. ఇన్నేళ్ళలో మా జేజి ఆమె నీడను కూడా తగలనిచ్చింది కాదు. జేజే చేతులు చాచి, "ఇయ్యి బిడ్డా" అని ఆ పసివాణ్ణి అందుకుంది. ఆ రోజంతా ఆమె ఉయ్యాలలు ఊపింది, ముడ్లు కడిగింది, నల్లమల పులికి పిల్లనివ్వబోయిన నక్క కథ చెప్పింది. పులి గర్జించినప్పుడల్లా పాక కప్పు మీది పిచ్చుకలు లేచిపోయాయి. కంబళిలోంచి టీచరమ్మ కూడా నవ్వింది. జ్వరం తగ్గాక కూడా, పనిలేని పూటల్లో జేజి పాకకు వచ్చి కూర్చునేది. వస్తే ఆమె కూర్చునేది మా చాప మీదే.

మరుసటి ఏడు నన్ను బోర్డు బళ్ళో చేర్చుకున్నారు. తరువాత ఒక్కో మెట్టూ ఎక్కి, గిద్దలూరులో చిన్నపిల్లల తరగతికి టీచరునయ్యాను. అన్నీ ఎందుకని అడిగిన మా తమ్ముడు రైల్వేలో చేరి, జీవితమంతా వేళ తప్పకుండా నడిచాడు. టీచరమ్మ ముసలిదయ్యేదాకా ఆ పాక నడిపింది. జేజి పోయిన రోజు పాలెం తల్లులంతా మా వాకిట్లోకి వచ్చారు. వాళ్ళను రావద్దన్నవాళ్ళెవరూ లేరు. పెదనాయనే ఎదురెళ్ళి లోపలికి పిలుచుకొచ్చాడు.

ఇదంతా చెప్పేసరికి మా మనవడి భార్య ఒళ్ళోని కాగితాలు ఫ్యాను గాలికి గదంతా ఎగిరిపోయాయి. ఆ పిల్ల ఏరుకోవడం కూడా మరిచి వింటూ కూర్చుంది. నాకు కూడా చెబుతున్నంతసేపూ వయసు గుర్తు రాలేదు. కాలం ఆ మనుషులందర్నీ ఒక్కొక్కరుగా తనతో తీసుకుపోయింది. వాళ్ళ నవ్వులు మాత్రం మోయలేకపోయిందో ఏమో, నా దగ్గర వదిలేసి పోయింది.