తిరగబడిన గాలులు

ఆ మాట నాది కాదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఎవరైనా నన్ను "గాలుల సారు" అని నవ్వితే ముందు ఇదే చెబుతాను.

కథలాపూర్ దగ్గరి ఒక ఊరి బడిలో నేను సోషల్ చెప్పేవాణ్ని. బడి గోడకు, బస్సు ఆగే వైపు, ఒక నల్లబల్ల ఉండేది. రేడియోలో విన్న వార్తలు, ముఖ్యంగా వాన సంగతి, పొద్దున్నే దాని మీద రాయడం నా పని. ఎవరూ అప్పగించలేదు, నేనే పెట్టుకున్నాను. ఆ ఏడు మృగశిర పోయింది, ఆరుద్ర పోయింది. మొక్కజొన్న మొలకలు మాడిపోతున్నాయి. రైతులు బస్సు దిగి నేరుగా బల్ల దగ్గరికే వచ్చేవారు.

"అల్పపీడనం ఏడిదాంక వచ్చింది సార్?"

"ఇంకా పుట్టనే లేదు."

"పుట్టకుంటె నువ్వన్న పుట్టియ్యరాదు!"

మా బడిలో సైన్స్ చెప్పే సారును నేను సొంత తమ్ముడిలాగే చూసుకున్నాను. ఒక ఆదివారం కోరుట్ల హోటల్లో, వానలెందుకు రావడం లేదో ఆయనే నాకు చూపించాడు. సాసర్‌లో చాయ్ పోసి ఒక పక్క నుంచి మెల్లగా ఊదాడు. మీగడ అవతలి అంచుకు పోయి ముడుచుకుంది.

"గిది పసిఫిక్ సముద్రమనుకో అన్నా. తూర్పు గాలులు ఊదుతుంటె వేడి నీళ్లు మన దిక్కు జమైతయి. గా వేడికే మబ్బులు లేస్తయి. గిప్పుడు సూడు."

ఊదడం ఆపాడు. మీగడ ఆయన వైపు జారి వచ్చింది.

"గాలి తగ్గితె వేడి నీళ్లు ఎనుకకు పోతయి. నీళ్లు పోతె గాలి ఇంకింత తగ్గుతది. ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటయి. మబ్బులు గూడ గటే పోతయి, మన వానలు గిట్ల ఎగవెడ్తయి."

"చాయ్ మొత్తం సల్లారగొట్టినవ్," అన్నాను గానీ, ఇది రైతులకు చెప్పాలనిపించింది. తూర్పు గాలులు బలహీనపడ్డాయని రాస్తానన్నాను.

"బలహీనమంటె ఎవలు సదువుతరన్నా? తిరగబడ్డయని రాయ్. జనానికి ఎక్కుతది."

మర్నాడు అట్లాగే రాశాను.

గోడల మీద ఎర్ర రాతలు రాత్రికి రాత్రి వెలిసే కాలమది. ఎవరు రాశారని పోలీసులు ఊళ్లకు ఊళ్లనే నిలదీసేవారు. మధ్యాహ్నానికి జీపు వచ్చింది. ఎస్సై బల్ల ముందు నిలబడి పైకి చదివాడు.

"తూర్పు గాలులు తిరగబడ్డయా? ఎవలయ్యా గీ తూర్పు గాలులు? ఏ దళం?"

"సముద్రం మీది గాలులు సార్."

"గీ ఊళ్లె సముద్రం ఏడున్నది?"

కానిస్టేబుల్ నవ్వాడు. జీపు చప్పుడుకు తరగతిలోంచి బయటికొచ్చిన సైన్స్ సారు వైపు నేను చెయ్యి చూపించాను. "ఆయన్నడుగుండ్రి సార్, ఆయనకు తెలుసు."

ఒక్క మాట చెబితే అక్కడితో అయిపోయేది. ఆ మాట చెప్పగలవాడు అక్కడ ఆయనొక్కడే. చేతికంటిన సుద్ద దులుపుకున్నాడు.

"నాకెరుక లేద్సార్. నేను సైన్స్ చెప్త. గాలులు సోషల్ల వస్తయి."

నన్ను జగిత్యాలకు తీసుకుపోయి, ఏ మీటింగులకు పోయావని చీకటి పడేదాకా అడిగారు. కొట్టలేదు. కానీ నెల తిరగకముందే రుద్రంగి వైపు బదిలీ అయింది. అక్కడ అద్దెకిచ్చినాయన, "మీ మీద పోలీసోళ్ల కన్నున్నదట గద సార్," అని గది ఖాళీ చేయించాడు.

కొన్నాళ్లకు ఆ తమ్ముడే సిరిసిల్ల బస్టాండులో ఎదురుపడ్డాడు.

"ఇంక మనసుల వెట్టుకున్నవా అన్నా? నేను నోరు తెరిస్తె ఇద్దరం పోయేటోళ్లం. ఒక్కనితోని అయిపాయె గదా."

"గా ఒక్కడు నేనే కావాల్నని ఎవలు చెప్పిండ్రు నీకు?"

బస్సొచ్చిందంటూ వెళ్లిపోయాడు.

భయపడ్డాడని కాదు నా కోపం. ఆ రోజుల్లో భయపడనివాడెవడు? నన్ను జీపెక్కించేటప్పుడు ఒక్కసారి నా వైపు చూసినా, ఆయన పిల్లలు చిన్నవాళ్లు కదా అని నేనే సర్దుకునేవాణ్ని. చూడలేదు. తరగతిలోకి వెళ్లి పాఠం మొదలుపెట్టాడు. జీపు కదిలేదాకా ఆ గొంతు నాకు వినబడుతూనే ఉంది, ఎక్కడా తడబడకుండా.