ఉప్పుగోడ మీద పండుగొప్ప

కృత్తివెన్నులో ఎల్లమ్మ ఇంటి గోడలు ఉప్పుగాలికి ఏటా చెమ్మపట్టి పెచ్చులూడతాయి. ఆ మరకల్లో ఒకటి బూచాడిలా ఉందని మనవరాలు దివ్యశ్రీ తన గదిలో కాలు పెట్టడం మానేసింది. బళ్లో చేరాక సొంత గదిలో పడుకుంటానని ఊరంతా చెప్పుకున్న పిల్ల అది.

కొడుకు నరేంద్ర బందరు నుంచి సీతాకోకచిలుకల స్టిక్కర్లు తెచ్చి అంటించాడు. తెల్లారేసరికి అవన్నీ సున్నంతో సహా మంచం మీద రాలాయి.

"సీతాకోకచిలుకలక్కూడా బూచాడంటే భయమే నానమ్మా," అంది పిల్ల.

"ఉప్పుకి నిలిచేది పడవ రంగొక్కటేనే," అంది ఎల్లమ్మ.

ఆమె భర్త పడవకి వేయగా మిగిలిన రంగు డబ్బా అటక మీద ఉంది. ఆయన పోయిన ఈ రెండేళ్లలో ఆమె దాన్ని ముట్టలేదు. ఇప్పుడు దించి, మూత తీసింది. ఆయన పడవ వాసనే. తర్వాత పైన కట్టిన మీగడ పక్కకి తీసి కుంచె ముంచింది. మరకని చెరపలేదు. దాని అంచు వెంట నీలం గీత గీసి, తోకా రెక్కలూ తగిలించి, కన్ను పెట్టి పెద్ద చేపని చేసింది.

"బూచాడేడీ?"

"మింగేసింది. పండుగొప్ప ఊరుకుంటుందా మరి?"

ఆనాటి నుంచి దివ్యశ్రీ ఆ గదిలోనే పడుకుంటోంది. వానలకి గోడ మీద చిన్న మరకలు ఇంకో నాలుగు లేచాయి. గీకించేసి సిమెంటు పూయిస్తానన్నాడు నరేంద్ర.

"వద్దు నాన్నా, చేప పిల్లల్ని పెట్టింది. నానమ్మా, వీటికీ కళ్లు పెట్టవూ?"

ఎల్లమ్మ డబ్బా వంచి చూసింది. అడుగున ఇంకా రంగుంది.