మళ్ల చాటలకే పో!

మా పెద్దవదిన కాగితపు చీటీలను తిట్టేది. "గిది గూడ యాద్ రాలే? మళ్ల చాటలకే పో!" అంటూ బీడీల చాటలోకి విసిరేది. నీలం నగర్‌లో మా ఇంటి అరుగు మీద ఆమే, నేనూ పక్కపక్కన కూర్చుని బీడీలు చుట్టేవాళ్లం.

బాలవాడి టీచర్ ట్రైనింగ్ పాఠాలు ఆమెకు పోస్టులో వచ్చేవి, అన్నీ మరాఠీలో. మొదటిసారి పుస్తకమంతా పరీక్ష ముందు బట్టీ పట్టి, అక్కడికి పోయాక అంతా మర్చిపోయి ఫెయిలైంది. "ఇంకొక్కపారి రాయి. గప్పుడు గూడ రాకుంటె బీడీలే చుట్టుకో" అన్నాడు మా అన్న.

అప్పుడు మొదలుపెట్టింది చీటీలు. ముందు ప్రశ్న, వెనక జవాబు. చాటలోవి రోజూ చదివేది. జవాబు వస్తే ఆ చీటీ డబ్బాలోకి పోయేది. డబ్బా మంగళవారం బజారు నాడే తెరిచేది. అప్పటికీ గుర్తుంటే ట్రంకుపెట్టెలోకి. ఆ పెట్టె మూత అమావాస్యకే లేచేది. ఎక్కడ తప్పినా మళ్లీ చాటే గతి.

"గట్టిగున్న ఆకును మళ్ల తడిబట్టల పెడ్తం గద పిల్లా, తలకాయకు గూడ గంతే" అనేది.

పరీక్ష నాటికి చాటలో తంబాకు, ఆకు తప్ప ఏమీ మిగల్లేదు.

పాసైందని తెలిసిన రోజు అన్న అశోక్ చౌక్ నుంచి పేడాలు తెచ్చాడు. వదిన కొత్త చీటీ మీద 'నేను పాసా, ఫెయిలా?' అని రాసి చాటలో వేసింది. మర్నాడు అది తీసి నా దిక్కు చూసి, "అరె, యాద్ రాలేదే!" అంది. వెనక్కి తిప్పి, గల్లీ అంతా వినబడేటట్టు "పాస్!" అని చదివి మళ్లీ చాటలోకే విసిరింది.

ఉద్యోగంలో చేరేదాకా ఆ చీటీ ఒక్కనాడూ డబ్బాలోకి పోలేదు.