ఆదివారం తెరిచిన మందుల షాపు

మా వైజాగ్ వన్ టౌన్‌లో మందుల షాపుకి వెళ్లడమంటే సంతకి వెళ్లడమే. క్యూ అన్న మాటే లేదు. కౌంటర్ నిండా మోచేతులు. ఖాళీ అయిన మాత్రల షీటు గాల్లో ఊపి "భాయ్, ఇవి నాలుగు" అని అరిస్తే, షాపు భాయ్ కత్తెరతో నాలుగు మాత్రలు కత్తిరించి, కాగితం కవర్లో వేస్తూ "ఎవులికమ్మా? నొప్పి ఇంకా తగ్గనేదా?" అని అంతే గట్టిగా అడుగుతాడు. పక్కన నిలబడ్డవాళ్లకి జవాబు వినే హక్కు ఉన్నట్టే లెక్క. విన్నాక సలహా ఇవ్వకపోతే మర్యాద కాదు.

పెళ్లయిన కొత్తలో నెల తప్పి, టెస్ట్ కొనడానికి ఆ షాపుకే వెళ్లాను. నేను సందు మలుపు తిరిగేలోపే మా అమ్మకి కబురు అందింది. ఆ బిడ్డ నిలవలేదు. రెండోసారి వెళ్తే భాయ్ గొంతు తగ్గించి, "ఈసారి మెట్లవీ ఎక్కకమ్మా, మీ అమ్మకి నాను సెప్తాన్లే" అన్నాడు. మంచివాడు, ప్రేమతోనే అన్నాడు. అదీ నిలవలేదు. ఆ తర్వాత వీధిలో ఎదురైన ప్రతి ఆడమనిషీ ముందు నా ముఖం చూసేది కాదు, పొట్ట చూసేది. వాళ్ల జాలికి నాకు ఒళ్లు మండిపోయేది. దిష్టి తగిలిందని అమ్మ ఉప్పు తిప్పింది, మిరపకాయలు తిప్పింది, సింహాచలం అప్పన్నకి మొక్కుకుంది. "ఈపాలి మూడో నెల నిండేదాకా నాక్కూడా సెప్పకు" అని ఒట్టు వేయించుకుంది.

మా ఆయన ఆటోనగర్‌లో వెల్డింగ్ పని చూసేవారు. పోలండ్‌లో ఒక చిన్న ఊళ్లో, ఇనుప దూలాలు చేసే ఫ్యాక్టరీలో పని దొరికితే నన్నూ తీసుకెళ్లారు. చలికంటే ముందు నన్ను బెదరగొట్టింది అక్కడి మందుల షాపు. దాన్ని కనుక్కోవడానికే ఒక పూట పట్టింది. నేనేమో మన అలవాటు కొద్దీ ఎర్ర ప్లస్ గుర్తు కోసం వెతుకుతున్నాను, వాళ్లది ఆకుపచ్చ. దాని ముందు నుంచే రెండుసార్లు నడిచి వెళ్లిపోయాను.

తలనొప్పి మాత్రల కోసం లోపలికి వెళ్లి, సరాసరి కౌంటర్ దగ్గరికి నడిచి, అప్పటికే అక్కడ మాట్లాడుతున్న పెద్దాయన పక్క నుంచి చెయ్యి చాపి ఖాళీ షీటు ఊపాను. పెద్దాయన తన మందుల డబ్బా మీద అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, నేనేదో కాపీ కొడుతున్నట్టు. కౌంటర్‌లో ఉన్నావిడ నవ్వకుండా నేల మీదకి వేలు చూపించింది. అక్కడ పసుపు గీత ఉంది. మిగతా అందరూ దాని వెనకాల, ఒకరికొకరు సంబంధం లేనట్టు నిలబడి ఉన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

కానీ వారం తిరక్కుండానే ఆ గీత అంటే నాకు ప్రాణం అయిపోయింది. గీత అవతల ఏం అడిగినా ఇవతలకి వినిపించదు. ఎవరూ తొంగి చూడరు. ఎవరూ "ఏటైంది?" అనరు. మళ్లీ నెల తప్పినప్పుడు టెస్ట్ అక్కడే కొన్నాను. ఆవిడ డబ్బా ఇచ్చింది, నేను సంచిలో వేసుకున్నాను, అంతే. ఇంటికి నడుస్తుంటే దారిలో ఒక్కరి చూపూ నా మీద లేదు. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఈసారి ఈ సంగతి తెలిసింది మా ఆయనకీ, అక్కడి డాక్టరుకీ, నాకూ.

రెండో నెల దాటాక, ఒక ఆదివారం పొద్దున రక్తం చుక్క కనిపించింది. మా ఆయన పని మీద వేరే ఊళ్లో ఉన్నారు. నాకొచ్చిన ఇంగ్లీషులో డాక్టరుకి ఫోన్ చేస్తే, కంగారు పడొద్దు, మాత్రలు వెంటనే మొదలుపెట్టు, రేపు నా దగ్గరికి రా అని, మందుల చీటీకి బదులు ఫోన్‌కి ఒక నంబరు పంపింది. ఏ షాపులోనైనా అది చూపిస్తే మందులిస్తారు. పరుగెత్తకుండా పరుగెత్తి మా వీధి షాపుకి వెళ్తే తలుపు మూసి ఉంది. ఆదివారాలు ఊళ్లో ఒకే షాపు తెరుస్తారట, వంతులవారీగా. ఈ వారం వంతు ఎవరిదో తలుపు మీద కాగితం అంటించి ఉంది. ఫోన్ కెమెరాతో చదివించుకున్నాను. వంతెన అవతల.

మంచు మీద అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్లేసరికి, ఊళ్లో దగ్గేవాళ్లందరూ ఆ షాపులోనే ఉన్నారు. క్యూ తలుపు దాకా వచ్చింది. కడుపుతో ఉన్నవాళ్లు ముందుకు రావచ్చని కౌంటర్ మీద బొమ్మ ఉంది. అందులో ఆవిడకి ఇంత పొట్ట. నాకేదీ? ఉన్నా, అడిగితే అందరికీ తెలిసిపోతుంది. నోరు నొక్కుకుని చివర్న నిలబడ్డాను. పోతుంది, ఇదీ పోతుంది అని తప్ప బుర్రలో ఇంకో మాట లేదు.

నా ముందున్న ముసలావిడ వెనక్కి తిరిగి నా ముఖం చూసి ఏదో అడిగింది. అర్థం కాలేదు. ఇంకోసారి అడిగింది. ఏడుపు ఆగక, ఫోన్‌లో తెలుగులో ఉన్నది ఉన్నట్టు రాసి, పోలిష్‌లోకి మార్చి చూపించాను. ఆవిడ కళ్లజోడు పైకెత్తి చదివింది. చదివి, షాపంతా దద్దరిల్లేలా ఒక్క కేక పెట్టింది.

మా వన్ టౌన్‌లో కూడా అంత గొంతు వినలేదు. అన్ని తలలూ నా వైపు తిరిగాయి. అమ్మకి కూడా చెప్పని సంగతి ముక్కూమొహం తెలియని ఊరికి తెలిసిపోయింది. భూమిలోకి కుంగిపోతే బాగుండుననుకున్నాను. ఈలోగా క్యూ రెండుగా విడిపోయింది. దగ్గుతున్న ఒకాయన మూతికి మఫ్లర్ అడ్డం పెట్టుకుని గోడకి అతుక్కుపోయాడు. ఎవరో కుర్చీ జరిపారు. ముసలావిడ నా రెక్క పట్టుకుని పసుపు గీత దాటించి, కౌంటర్ దగ్గర నిలబెట్టింది. లోపలావిడ మాత్రతో పాటు గ్లాసుడు నీళ్లు కూడా ఇచ్చింది. ఆ కళ్లలో జాలి ఉంటుందని భయపడ్డాను. జాలి కాదు, తొందర. నా బిడ్డ బతకాలని అందరికీ ఒకేసారి తొందర.

ముసలావిడ తన మందులు కొనుక్కోకుండానే నన్ను ఇంటి దాకా దిగబెట్టింది. దారంతా చెయ్యి వదల్లేదు, తిట్టడం ఆపలేదు. భాష తెలియకపోయినా తిట్టు తెలుస్తుంది కదా. మా పెద్దమ్మ తిడుతున్నట్టే ఉండి, ఇంకా ఏడుపొచ్చింది.

ఆ తర్వాత మాత్రలకి వంతెన అవతలి షాపుకే వెళ్లేదాన్ని. నన్ను చూడగానే లోపలావిడ కనుబొమ్మలు ఎగరేసేది. నేను తల ఊపేదాన్ని. మూడో నెల నిండి, డాక్టరు గుండె చప్పుడు వినిపించి, ఇక మాత్రలు చాలంది. ఆరోజు కొనాల్సిందేమీ లేకపోయినా వెళ్లి క్యూలో నిలబడ్డాను. నా వంతు వచ్చాక నేర్చుకున్న రెండు పోలిష్ ముక్కలు అప్పజెప్పాను: బిడ్డ, బాగుంది. ఆవిడ కౌంటర్ చుట్టూ తిరిగి బయటికొచ్చి నన్ను కావలించుకుంది. నా వెనకాల ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు.

ఇంటికి వచ్చి అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ చాలాసేపు ఏడ్చి, ముక్కు చీది, మొదట అడిగిన మాట ఇదే.

"ఎవులికీ సెప్పనేదు కదే?"

"లేదమ్మా."

కాన్పుకి అమ్మ దగ్గరికి వచ్చేశాను. పాప వైజాగ్‌లోనే పుట్టింది, ఇప్పుడు బడికి వెళ్తోంది. "మా పిల్ల గుట్టుగా ఉంచినాది, అందుకే నిలబడినాది" అని అమ్మ ఇప్పటికీ ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతుంది. నేను కాదనను. కానీ ఆ ఆదివారం అంతమందికి తెలియబట్టే నా బిడ్డ నిలబడిందని నా నమ్మకం.